పిడి మీద పేరు

మామూలుపేటలో స్టీలు సామాన్ల కొట్టు ముందు
ఒక స్టూలు పట్టేంత చోటు నాది.
ముప్పై ఏళ్లుగా గిన్నెల మీద పేర్లు చెక్కుతున్నాను.
అక్షరానికి రెండు రూపాయలు.
ఒత్తులకి వేరే లెక్క లేదు.

షట్టర్లు ఇంకా సగమే లేచిన ఒక ఆదివారం
కాక్స్ టౌన్ నుంచి పళ్ల డాక్టరు నెహెమ్యా గారొచ్చారు,
చంకలో తువ్వాలు, తువ్వాల్లో ఏదో బరువు.
విప్పితే రివాల్వరు.
చేతిలో మిషను దానంతటదే ఆగింది.
"భయపడకు. ఎప్పుడో దీని గొంతులో సీసం పోసేశారు.
కాగితాలున్నాయి."

ఇలాంటివి ఆయన దగ్గర పదకొండున్నాయట.
ఎంత మెరిసినా పేరు లేనిది కొనరట;
పేరు లేకపోతే అది పాత ఇనుమేనట,
తూకానికి వేసుకోవచ్చట.
ఎన్నికలొచ్చినప్పుడల్లా అన్నిటినీ సంచిలో వేసుకెళ్లి
స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి.
రైటరు ప్రతిసారీ అదే రాస్తాడు:
పాతవి. పదకొండు. పేలవు.

పిడి వెనక ఉక్కు పట్టీ మీద ఇంగ్లీషు రాత,
కాకర తీగలా సాగింది.
ఉలి ఎత్తకుండా చెక్కిన చెయ్యి, మంచి చెయ్యి.
లెఫ్టినెంట్ థర్లో, 1915.
దాని కింద ఇంకొకడి తొందర:
కెప్టెన్ మాడ్స్‌లీ, బస్రా.
పై పేరు కొట్టేయలేదు.

డాక్టరు గారు లండనుకి ఉత్తరాలు రాసి రాసి తెలుసుకున్నారు.
థర్లోకి ఇరవై రెండేళ్లు.
టైగ్రిస్ నది మీద పడవలో, జ్వరంతో.
అతని సామాన్లు వేలం వేస్తే మాడ్స్‌లీ పాడుకున్నాడు:
రివాల్వరూ, జత బూట్లూ, సబ్బుపెట్టే కలిపి
అరవై రూపాయలకి.
"బూట్లు పట్టాయో లేదో మాత్రం ఎక్కడా లేదోయ్"
అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

వచ్చింది దానికోసం కాదు.
పిడికి రెండు వైపులా ఉన్న నల్ల పలకలు విప్పారు.
లోపల, అరచెయ్యి చెమట చేరని చోట,
మేకుతో గీసిన గీతలు.
గీతలే అన్నారట లండను వాళ్లు.
తుప్పన్నాడట ఇంకో ఆసామి.
"నువ్వోసారి చూడు."

భూతద్దం కంటికి బిగించాను.
లోహం మీద తెలుగు రాయడం ఎంత కష్టమో
రాసేవాడికే తెలుసు.
ఉలి తిన్నగా పోతానంటుంది,
అక్షరం తిరగమంటుంది.
అలవాటు లేని చెయ్యి 'ర' దగ్గరికొచ్చేసరికి
సున్నా మూతపడక పక్కకి జారిపోతుంది.
ఆ జారుడు నాకు తెలుసు.
చిన్నప్పుడు మా నాన్న చేతి దెబ్బలన్నీ
దానికే తిన్నాను.

"గు... ర... వ... డు" అన్నాను.
కింద, మరీ సన్నంగా: శికాకోలు.

డాక్టరు గారు నోరు తెరిచారు,
బతుకంతా ఎదుటివాళ్లని తెరవమన్న మనిషి.
బై-టూ కాఫీలో ఆయన సగం చల్లారిపోయింది.
"రోజూ తుడిచింది వీడన్నమాట" అన్నారు చివరికి.
"పలకలు విప్పి తుడిచేవాడికి తప్ప ఇది కనబడదు.
ఇప్పుడు ఎవరికి రాయను?
వాళ్ల జాబితాల్లో ఆఫీసర్లే.
శికాకోలుకి రాద్దామంటే, ఏ వీధికి?"

మాడ్స్‌లీ కింద తన పేరు కూడా చెక్కించుకోవాలని
ఆ పొద్దున అనుకుని వచ్చారట.
తిరిగి తువ్వాల్లో చుట్టేశారు. అడగలేదు.
నేనూ అడగలేదు.
డబ్బులిస్తే కాఫీకి చెల్లు అన్నాను.

తర్వాత కెంగేరి వాళ్ల గృహప్రవేశం గ్లాసులు,
ఇరవై ఒకటి, సాయంత్రానికల్లా కావాలి.
ఒకటే పేరు, ఒకటే తారీఖు.
ఇరవై గ్లాసులూ అలాగే అయ్యాయి.
ఆఖరిది బోర్లించి,
తోమేవాళ్లకి తప్ప కనబడని అడుగున
వీరాచారి అని మొదలుపెట్టాను.

ముప్పై ఏళ్ల చెయ్యి.
'ర' దగ్గర జారింది.