అయిదో లివరు

పర్లాకిమిడిలో, కొమ్ముపని వాళ్ల వీధి చివర,
నా గడియారాల కొట్టు వెనక గదిలో
రెండు పాత తలుపుచెక్కల మీద
కాశీనగర్ స్టేషను వెల్లకిలా పడుకుని ఉంది.
సైకిలు చువ్వలు సాగగొట్టిన పట్టాలు,
అగరొత్తి పుల్లల స్లీపర్లు.
వంశధార మాత్రం నీలంరంగు డబ్బా అయిపోవడంతో
బల్ల అంచుకి రాకుండానే ఇంకిపోయింది.

పాయింట్లు మార్చడానికని కటకం నుంచి
చిన్న మోటార్లు తెప్పించాను.
కూర్మయ్య ఆ డబ్బా మూత తీసి చూసి
"మీట నొక్కితే దారి మారిపోతాదా?
మరి తప్పు జరిగితే ఎవుడిది?" అన్నాడు.
మూత పెట్టేశాడు.
మోటార్లు ఇప్పటికీ ఆ డబ్బాలోనే.

చిన్నబండికి ముప్ఫై ఒక్క ఏళ్లు దారి చూపిన మనిషి.
కుడి భుజం ఎడమదాని కంటే
వేలెడు కిందికి జారి ఉంటుంది,
ఇంకా దేన్నో లాగుతున్నట్టు.

పక్కింటి హడిబంధు మహారాణా
కొంగబొమ్మ చెక్కగా మిగిలిన దున్నకొమ్ము ముక్క ఇచ్చాడు.
దాన్ని ఆకురాయితో అరగదీసి పిడి చేశాను.
ఇరుసు, ఎవరూ తీసుకెళ్లడానికి రాని ఒక చేతివాచీది.
బరువుకి సీసం గుండు, మినపగింజంత.
బల్లకి బెజ్జం వేసి, కింద నుంచి తీగ తెచ్చి
పట్టా నాలుకకి తగిలించాను.
లివరు ఇటు వాలిస్తే నాలుక అటు కదిలింది,
బియ్యపుగింజ మందం.
ఆ మందంలోనే ఒక ఊరికి పోవడమూ, ఇంకో ఊరికి పోవడమూ.

"అటేపు కాదు బావూ, ఇటేపు పెట్టు.
లాగినోడికి ఇంజను మొకం కనబడాల."
బెజ్జాన్ని లక్కతో పూడ్చి మళ్లీ వేశాను.
తప్పు బెజ్జాలు మూడు,
చెక్క మీద మశూచి మచ్చల్లా ఉండిపోయాయి.

బీడీ ఆకు కొస చించి
నాలుకకీ పట్టాకీ మధ్య దూర్చి లాగి చూసేవాడు.
ఆకు ఊడొస్తే తల అడ్డంగా.
ఆకు చిరిగితే,
"ఇప్పుడు రమ్మను."
డ్రైవరుకి ఒడియాలో కేకేసేవాడట, "ఆస, ఆస" అని.
పెట్టెలు మాత్రం తెలుగులోనే లెక్కపెట్టేవాడట.
ఎందుకని అడిగితే
లెక్క తప్పకూడదు కదా అన్నాడు.

నాలుగు లివర్లు నిలబడ్డాయి.
సామాన్లు సర్దుతుంటే
బియ్యం మిల్లు పక్క, ఉత్త చెక్క మీద వేలు పెట్టాడు.
"ఇక్కడొకటుండీది."
నా దగ్గరున్న ఫొటో పెద్దబండి వచ్చాక తీసింది.
అందులో అక్కడ తుమ్మచెట్టు, మేక.
పట్టాయే లేదు కదా కూర్మయ్యా అన్నాను.

"పట్టాలు పీకీసినాక కూడా
నెల్లాళ్లు నా లివరు ఆడే ఉంది.
రోజూ పొద్దున్నే నూనె రాసీవోణ్ని.
మానీమని ఎవుడూ సెప్పనేదు."

అయిదో బెజ్జం వేశాను.
కింద తీగ లేదు, పక్కన నాలుక లేదు.
అయినా ఇరుసు బిగించడం
మిగతా నాలుగింటి కంటే ఎక్కువసేపు పట్టింది.

కరెంటు పోయింది.
గోడ మీద పాతిక గడియారాలు
ఎవరి టైము వాళ్లు కొట్టుకుంటున్నాయి.
కూర్మయ్య లివరు వాల్చాడు.
టక్కుమంది.
ఒకప్పుడు కాలితో తొక్కిపట్టే బరువుని
చిటికెనవేలితో నొక్కి ఉంచి,
మేక ఉండాల్సిన వైపు చూస్తూ
పెదాలు కదుపుతున్నాడు.
నాలుగు, అయిదు,
ఆరు.
వేలు తియ్యలేదు.

"ఒక పెట్టె తగ్గింది," అన్నాడు.

నేను టార్చి తీసుకుని
బల్ల కిందికి వంగి చూశాను.