ఇరవై మూడో చుట్టు

రెండు దేశాలే వచ్చాయి.
మిగతావాళ్ళు టెలిగ్రాములు పంపారు,
డబ్బుల్లేవని ఒకరు, ఊళ్ళో జ్వరాలని ఒకరు,
ఇంకొకరు ఉత్త శుభాకాంక్షలు.
అయినా మా మాంటెవిడియోలో గేటుకి గుడ్డ కట్టి
ఖండం పేరు మొత్తం రాసేశాం.

చిలీ నిజానికి పక్క దేశం కూడా కాదు,
మధ్యలో ఇంకోటి కాళ్ళు బారజాపుకుని పడుకుంది.
దాన్ని దాటుకొచ్చారు పద్నాలుగు మంది.
మంచు పట్టాల్ని మింగిన చోట కంచరగాడిదల మీద,
ఆపైన రైలు, ఆపైన రాత్రంతా ఓడ.
ఎత్తు దూకే వెదురు గెడల్ని కిటికీల బయట కట్టుకొస్తే
ఒకటి సొరంగంలో విరిగిందట.
విరిగిన ముక్కా పారేయలేదు.

నాకప్పుడు పదమూడేళ్ళు.
ఫెర్మీనా టీచరు బడిగంట నా ఒళ్ళో పెట్టి
పలకా బలపం ఇచ్చి
"చుట్లు లెక్కపెట్టు. ఆఖరి చుట్టుకి గంట కొట్టు.
మధ్యలో నోరు తెరిచావో!" అంది.
పదివేల మీటర్లు, ఇరవై అయిదు చుట్లు.
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం.
మే నెల, మాకు ఆకులు రాలే కాలం.
సముద్రమంత నది మీంచి గాలి వచ్చి
పొద్దున పోసిన సున్నం గీతల్ని
గడ్డిలోకి ఊదేస్తోంది.

ఇరవయ్యో చుట్టుకి ఇద్దరే మిగిలారు.
చిలీ రెమీహియో, సురేకారం గనుల్లో బస్తాలు మోసినవాడు,
ఇరవై ఏళ్ళొచ్చేదాకా వాన చూడలేదట.
మా ఎలిసేయో, నాలుగో నంబరు ట్రాము డ్రైవరు,
జీతం కోతకి ఒప్పుకుని
సగం పూట పరిగెత్తడానికి వచ్చినవాడు.
ముందు వీపు, వెనక ఊపిరి.
ఒకరి మడమ రేపిన బొగ్గు నుసి
ఇంకొకరి పళ్ళ మధ్య.

అప్పుడు మోగింది గంట.

నేను కాదు.
ఒట్టు, నా గంట నా మోకాళ్ళ మధ్యే ఉంది,
దాని నాలుక నా గుప్పిట్లో ఉంది.
గోడ అవతల మలుపు తిరుగుతూ
ట్రాము కొట్టింది.

రెమీహియోకి తేడా ఎట్లా తెలుస్తుంది?
చేతులు విసిరి, తల వెనక్కి వాల్చి
కొండలు దాటించి దాచుకొచ్చిందంతా
అక్కడే ఖర్చు పెట్టడం మొదలెట్టాడు.
జనం లేచారు. టోపీలు లేచాయి.
నేను నోరు తెరిచాను,
టీచరు వేళ్ళు నా భుజం మీద బిగిశాయి.
ఇంకా రెండు చుట్ల పైనే ఉంది.

ఎలిసేయోకి తెలుసు.
రోజుకి రెండొందల సార్లు
తన మడమతో తొక్కే గంట అది.
ఊరికే ఉంటే చాలు.
తన అడుగు తను వేసుకుంటూ పోతే
కాసేపటికి దారిలో కూలబడ్డవాణ్ణి
పక్కనుంచి దాటుకుపోవచ్చు.
ఎవరూ ఒక్క మాట అనరు.

అవతలి వంపులో అతను వేగం పెంచి
పక్కకి చేరడం చూశాను. పెదాలు కదిలాయి.
రెండు ముక్కలో, మూడో. బహుశా తిట్టేనేమో.
రెమీహియో చేతులు మెల్లగా దిగాయి.
మళ్ళీ ముందు వీపు, వెనక ఊపిరి.

ఆఖరిదానికి నా గంట నేను కొట్టాను,
చెయ్యి వణికి రెండుసార్లు ఎక్కువే కొట్టాను.
రొమ్ము ముందుకి తోసి దారం తెంపింది చిలీవాడు.
జానెడు తేడా.

ఆ రాత్రి విందులో సోదరత్వం అన్న మాట
పదకొండుసార్లు వచ్చింది.
అలవాటు పోక లెక్కపెట్టాను.
ఎలిసేయో రాలేదు. రాత్రి డ్యూటీ.

వారాల తరబడి ట్రాము ముందు మెట్టు మీద నిలబడి
జనం అడిగారు, నీకేం పట్టిందయ్యా అని.
చూపు పట్టాల మీంచి తీసేవాడు కాదు.
ఓసారి నేనూ అడిగాను.
"ఆ గంట మనది కదరా" అన్నాడు.
మైదానం మలుపులో మాత్రం
బండిని నడక వేగానికి తెచ్చి, గంట కొట్టకుండా తిప్పేవాడు.
కంపెనీ రెండుసార్లు జరిమానా వేసింది.

నా పలక సంగతంటారా,
సోమవారం ఫెర్మీనా టీచరు తడిగుడ్డతో తుడిచి
హెచ్చవేతలు చేయించింది.
ఇరవై మూడో గీత కొంచెం వంకర,
గట్టిగా నొక్కేశాను కాబోలు,
గురువారం దాకా కనిపిస్తూనే ఉంది
ఏడు ఎనిమిదుల కింద.