ఇరవై రెండు నిమిషాల సముద్రం

ఆగస్టులో అమ్మకి సెలవు దొరకదు.
డిపోలో సీనియర్లు జనవరిలోనే
క్యాలెండరు గళ్ళన్నీ పంచేసుకుంటారు.
అందుకని మా విహారయాత్ర
ఎనిమిదీ పదికి బయల్దేరే ముప్ఫై ఆరో నంబరు బస్సు.
నడిపేది మా అమ్మ నెరిస్.

"బస్సెక్కాక నేను అమ్మని కాను, డ్రైవర్ని"
రాత్రి దుప్పటి కప్పుతూనే చెప్పేసింది.
గెథిన్ ఆ మాట నిలబెట్టాడు.
చిల్లర గుప్పిట్లో బిగించి, గొంతు సవరించుకుని
"రెండు పిల్లల టికెట్లండీ, సముద్రానికి" అన్నాడు,
ఆవిణ్ణి ఎన్నడూ చూడనివాడిలా.
ఆవిడా అలాగే మమ్మల్నెరగనట్టు
మిషన్లోంచి కాగితం ముక్క చింపి ఇచ్చింది.
నవ్వే, అద్దంలో దొరికిపోయింది.

పై అంతస్తు. అన్నిటికంటే ముందు సీటు.
మా అరికాళ్ళ కిందే ఎక్కడో అమ్మ తల.
కొమ్మలు అద్దాన్ని బాదినప్పుడల్లా
గెథిన్ మెడ లోపలికి లాక్కునేవాడు.
నేను లాక్కోలేదు, నాకు పదేళ్ళు.
బయట వాన.
వేల్స్‌లో వేసవంటే
కాస్త గోరువెచ్చగా కురిసే వాన.
కాళ్ళ మధ్య ఎర్ర బకెట్టు,
బకెట్లో దారపుండ,
నాన్న పళ్ళెంలోంచి నేను కొట్టేసిన బేకన్ తొక్క,
పీతల కోసం.

మూతబడ్డ గనుల ఊళ్ళు
ఒకటొకటే వెనక్కి దిగిపోయాయి.
ఆస్పత్రి స్టాపులో మిసెస్ ప్రోబర్ట్
చక్రాల సంచీతో ఎక్కి, మెట్ల దగ్గర నిలబడి
"నెరిస్ పిల్లలూ, పైనున్నారా!" అని కేకేసింది.
మా అజ్ఞాతవాసం అక్కడితో సరి.

ఆఖరి స్టాపు. ఇంజను దగ్గి ఊరుకుంది.
అమ్మ గడియారం చూసింది.
"ఇరవై రెండు నిమిషాలు."

పరుగు.

రేవు గోడ మీంచి దారం వదిలాం.
నీళ్ళు, నీళ్ళు, ఓ చిప్స్ కాగితం, మళ్ళీ నీళ్ళు.
అమ్మ మా వెనకే నిలబడింది,
ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని, తాగకుండా.
రోజూ ఆ ఇరవై రెండు నిమిషాల్లోనే
ఆవిడ తిండీ, కాళ్ళు చాపుకోవడమూ,
ఎవరికీ ఏమీ కాకుండా కూచోవడమూ అని
నాకప్పుడు తెలీదు.

పదిహేడో నిమిషాన దారం బరువెక్కింది.
"లాగకు, పిలువు" అంది అమ్మ,
టీ గోడ మీద పెట్టేసి.
పిలిచాం. వచ్చింది.
అరచెయ్యంత పీత, ఆకుపచ్చది,
మహా కోపిష్టిది, తొక్కని వదలదు.
గెథిన్ దానికి అక్కడికక్కడే
తన లెక్కల మాస్టారి పేరు పెట్టేశాడు.
బకెట్లో అది గీకే చప్పుడుకి
ముగ్గురం తలలు ఆనించి వింటూ ఉండిపోయాం.
గడియారం గురించి ఎవరూ మాట్లాడలేదు.
టీ చల్లారింది, వాన అందులోనే పడుతోంది.

చివరికి బకెట్టు ఒంపింది అమ్మే.
పీత పక్కకి పక్కకి నడుస్తూ
వెనక్కి చూడకుండా నీళ్ళల్లోకి పోయింది.
"థాంక్స్ కూడా చెప్పలేదు" అన్నాడు గెథిన్.

తిరుగు బస్సు మెట్టు మీద
మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.
"రెండు పిల్లల టికెట్లండీ..."
తడి చిల్లర చేతిలోంచి జారింది.
"అమ్మా, చలేస్తోంది."

డ్రైవరు లేచి, డిపో బొమ్మ కుట్టిన తన కోటు విప్పి
వాడికి మోకాళ్ళ దాకా తొడిగింది.
క్యూలో నిలబడ్డవాళ్ళు
చిల్లర వాళ్ళే ఏరి ఇచ్చారు.

ఆ రోజు ముప్ఫై ఆరో నంబరు ఆరు నిమిషాలు ఆలస్యం.
సాయంత్రం డిపో పుస్తకంలో, కారణం అన్న గడిలో
పీత వాసనేస్తున్న చేత్తో
అమ్మ రాసింది:
రోడ్డుకడ్డంగా గొర్రెలు.