పదహారు సెంటీమీటర్లు

పర్లాకిమిడి స్టేషను మీద
వృత్తలేఖిని ముల్లు గుచ్చాను.
ఎనిమిది వందల మీటర్లు
నా కాగితం మీద పదహారు సెంటీమీటర్లు.
పది నిమిషాల నడక, అంటుంది మార్గదర్శిక.
ఎవరి నడకో చెప్పదు.

గుండ్రంగా తిరిగొచ్చింది పెన్సిలు.
లోపల రెండు రైసు మిల్లులు, ఒక ఊక దిబ్బ,
కొమ్ముతో కొంగల్ని చెక్కే మహారాణా గారి వరండా,
బిసోయి సైకిల్ స్టాండు సగం.
మిగతా సగం గీత బయట.
అతని సైకిళ్ళకి ఈ సంగతి తెలీదు.

కాగితం చుట్టకముందే కబురు బజారెక్కింది.
మోటారుసైకిలు మీద ఒకాయన వచ్చి
టీ ఇప్పించి, మా పిల్ల చదువు అడిగి,
చివర్న మెల్లిగా
"గీత ఎటేపు పోతాది బావూ?"
లోపలుంటే నాలుగంతస్తులు,
బయటుంటే వంకాయ మడి.
అర మిల్లీమీటరు పెన్సిలు మందం
నేల మీద రెండున్నర మీటర్లు.
ఒక గది పడుతుంది అందులో.
మంచం, పొయ్యి, గోడకి దేవుడి పటం.
ఆ రోజు నుంచి పెన్సిలు సన్నగా చెక్కుతున్నాను.

సాబత్ బాబు ఒడియాలో అన్నాడు,
నేను తెలుగులో విన్నాను
(ఈ ఊళ్ళో అది మాకు అలవాటే):
"ఒకసారి నడిచి చూడు."

గుణుపురం బండి దిగింది దాలమ్మ.
గంపలో మూడు పనసకాయలు, పైన చింతపండు మూట.
"నాతో నడుస్తావేటి బావూ, పని లేదేటి?"
ఇదే పని అన్నాను.
నవ్వింది. నవ్వుతూనే
పట్టాల కింది తూములోకి దిగింది.
నా మ్యాపులో ఆ దారి లేదు.
మ్యాపులో రోడ్డు గేటు చుట్టూ తిరుగుతుంది,
ఆమె మెడకి అంత ఓపిక లేదు.

మిల్లు గోడ మలుపులో ఆగింది.
"ఓ పాలి దించమ్మా" అని పిలిచింది.
అటు పోయేవాళ్ళు అటే పోయారు.
నేను చెయ్యి వేసేదాకా
బరువు కిందే నిలబడింది.
దించడానికి ఒక మనిషి కావాలి,
ఎత్తడానికి ఒక మనిషి కావాలి,
మధ్యలో పీల్చుకున్న ఊపిరొక్కటే తన సొంతం.

సంతకి చేరేసరికి ఇరవయ్యారు నిమిషాలు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది:
స్టేషను పరిసరాల్లో మీకేమి కావలెను?
బస్సు బే, పార్కింగు, దుకాణ సముదాయం,
చదివి వినిపించాను.
చెంగుతో మొహం తుడుచుకుంది.
"నా గుండెలెత్తు రాయొకటి, పైన చదునుగా.
ఎవుల్నీ పిలవకుండా దించుకుంటాను,
ఎవుల్నీ పిలవకుండా ఎత్తుకుంటాను."

ఆ రాత్రి మళ్ళీ గీశాను,
పది నిమిషాల్లో దాలమ్మ ఎంత దూరం పోగలదో అంత.
తూము వైపు సాగి,
మిల్లు దగ్గర లోపలికి నొక్కుకుపోయి,
కుక్క కొరికి వదిలేసిన అప్పచ్చిలా వచ్చింది.
ఇళ్ళకి పసుపు వేశాను, దుకాణాలకి ఎరుపు,
మిల్లులకి ఊదా.
రాయికి రంగు లేదు పట్టికలో.
మలుపు దగ్గర ఒక నల్లచుక్క పెట్టాను.

మూడు నెలలకి భువనేశ్వర్ నుంచి తిరిగొచ్చింది.
అప్పచ్చిని మళ్ళీ గుండ్రం చేశారు.
నాలుగంతస్తుల మీద ప్రశ్న లేదు,
మహారాణా వరండా మీంచి పోయే
అరవై అడుగుల రోడ్డు మీద ప్రశ్న లేదు.
చుక్క చుట్టూ మాత్రం ఎర్ర సిరా:
"ఇది మరకా?"

జవాబుకి ఒక్క గడి ఇచ్చారు.
ఎత్తు: నాలుగడుగుల లోపు.
విస్తీర్ణం: ఒక గంప.
భూ వినియోగం: మిశ్రమం.

సాబత్ బాబు కళ్ళజోడు పైకి తోసి చదివాడు.
గంప దగ్గర ఆగాడు.
చదరపు మీటర్లలో రాయమంటాడనుకున్నాను.
"ఉంచు," అన్నాడు,
"మా ఇంట్లోనూ గంపే అంటారు."
సంతకం కింద తేదీ వెయ్యడం మరిచిపోయి
మళ్ళీ పిలిచాడు.