మూడున్నర

చీమకుర్తిలో ఆదివారం మధ్యాహ్నం
పాలిష్ మిషన్లు నోరు మూశాక
ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు మాది.
నేలంతా అమ్ముడుపోని పలకలు:
మూల విరిగిందని, గీత పడిందని
ఓడ ఎక్కనివ్వని గెలాక్సీ రాయి.
నలుపులో బంగారు చుక్కలు.
వాటి మీద మా రిమోట్ కార్లు.

నా కారుకి బంపరు పోయి పదేళ్లు,
తెగిన చెప్పు అట్ట కోసి కట్టా.
లోపల ఆరు సెల్లుల నికెల్ ప్యాకు.
పొదిలి పోయే ఆర్డినరీ బస్సు అది.
మొదట్లో ఉరుకు, మధ్యలో నడక,
ఆఖర్న, ఏదో గుర్తొచ్చినట్టు, ఆగిపోవడం.
ఆగినా వదిలేవాణ్ణి కాదు.
ట్రిగ్గరు నొక్కి, ఇంకో మూరెడు,
ఇంకో జానెడు.
"పూర్తిగా తాగించు, పూర్తిగా పిండు,
సగంలో ఆపితే దానికి సగమే గుర్తుంటది"
అని నేర్పింది ఖాసింపీరా.

నాకు తెలిసిన సూత్రం అదొక్కటే.
నాది మోటార్లు చుట్టే కొట్టు.
క్వారీలో కంప్రెసర్ కాలితే రాత్రే జీపొస్తది.
తెల్లారేదాకా రాగి తీగ, వార్నిష్ వాసన,
నోట్లో చల్లారిన టీ.

లిథియం పాలిమర్ ప్యాకు
మద్రాసు నుంచి ఒంగోలు పార్సిల్ ఆఫీసుకొచ్చింది.
నీలం తొడుగు, వేలితో నొక్కితే మెత్తన.
శెట్టి కొట్లో తూకం వేస్తే
పాతదాంట్లో సగానికి కాస్త ఎక్కువ.
"ఇంత తేలికదా లాగేది?" అన్నాడు శెట్టి.
తెల్ల ప్లగ్గు కోసేసి పసుపుది అతికించా.
ట్రిగ్గరు ముట్టుకున్నానో లేదో
కారు పోయి రాతి దిమ్మెకి గుద్దుకుంది.
నవ్వలేక చచ్చాం.

దీనికి అలుపు కనపడదు.
మొదటి రౌండు ఎట్టానో పన్నెండోదీ అట్టాగే.
చివర్లో కొంచెం జంకింది.
చేతి అలవాటు, పిండా.
నా పాత కంట్రోలరుకి కూడా
ఆపమని చెప్పే తెలివి లేదు.

సాయంత్రానికి ప్యాకు ఉబ్బింది,
మూడు రాత్రులు నిద్రలేనోడి కనురెప్పలా.
ఖాసింపీరా పట్టకారుతో ఎత్తి
రాతిపొడి బకెట్లో పూడ్చాడు.
దూరంగా కూర్చుని ఇద్దరం కాపలా.
అంటుకోలేదు.
అంటుకునుంటే బాగుండేదనిపించింది,
కనీసం ఎవరిది తప్పో తేలేది.

రెండో ప్యాకుకి అలారం తగిలించింది
బిల్లులు రాసే నాగరత్తమ్మ కూతురు, సుశీల.
ఒంగోలు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్.
అగ్గిపెట్టెంత ముక్క, ఎర్ర అంకెలు.
"సెల్లుకి మూడున్నర వోల్టులు మావా.
కూస్తే ఆపెయ్.
ఆడని రోజుల్లో మూడు ఎనభై దగ్గర దాచు,
నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు."
"మూడున్నరకి ఇంకా దమ్ముంటది గదమ్మా?"
"ఉంటది. ఉండగానే ఆపాల."
ఉండగా ఆపేది సోమరిపోతులని
మా నాయన అంటుండేవాడు.
ఆ మాట ఆ పిల్లకి చెప్పలా.

మొన్న బుధవారం రాత్రి జీపొచ్చింది.
ముప్పై ఆరు గాళ్ల స్టేటరు,
ఇరవై రెండు నింపా.
వేళ్లు తీగనీ, తీగ వేళ్లనీ కోస్తున్నాయి.
అప్పుడు కూసింది
అరలో, వార్నిష్ డబ్బాల వెనక,
కీచురాయిలాగా, ఆగకుండా.
ఆదివారం అలారం పీకడం మరిచా.
దాన్ని కనిపెట్టుకుని ఉండే అలారమే
మూడు రోజులుగా దాన్ని తాగుతోంది.

పీకేశా. చేతిలో పెట్టుకు చూశా.
ఉబ్బలేదు. చల్లగా ఉంది.
గోడ గడియారం ఎంత చూపిస్తోందో
చెప్పినా మీరు నమ్మరు.

జీపులో డ్రైవరు మాలకొండయ్య లేచి
కళ్లు నలుపుకుంటా గుమ్మంలోకొచ్చాడు.
"అయిపోయిందా అన్నా?"
"అయిపోలా, ఇంకా ఉండాది"
అని
బల్ల మీది లైటు ఆర్పేశా.