గోనెసంచి తియ్యమన్నా

ఆదోనిలో మా మట్టిమిద్దె విప్పినారు.
మూడు ట్రాక్టర్ల చౌడుమన్ను పోయింది,
దంతెల సందులో ఎవరిదో
పిడి లేని కత్తెర దొరికింది.
దాన్ని పారెయ్యలేదు.

"స్లాబు పోసే ముందే పైపులు పెట్టాలక్కా,
యాడ లైటో ఇప్పుడే చెప్పు.
తర్వాత నీ మనసు మారొచ్చు, కాంక్రీటు మారదు,"
అన్నాడు దస్తగిరి, నోట్లో స్క్రూ పెట్టుకొని.

ఓబులేసు ఫోన్ తీసి చూపించినాడు:
తెల్లటి సీలింగు, అంచుల ఎంబడి నీలం వెలుగు,
నడుమ పన్నెండు గుండ్రటి దీపాలు.
"ఎవరి పెండ్లి?" అన్నా.

నేను జాకెట్లు కుట్టేదాన్ని.
నాకు వెలుతురంటే సూది బెజ్జం.
నాకు వెలుతురంటే
మెరూనుకీ వక్కపొడి రంగుకీ
తగువు తెగడం.
నిరుడు గుడ్డిదైన ట్యూబులైటు కింద
ముదురు పచ్చ అంచుకి నల్లదారం ఏసి
తెల్లారి వాకిట్లో చూసుకొని
కుట్టు కుట్టూ విప్పుకున్నా.
ఆ కస్టమరు మళ్ళీ రాలేదు.

అందుకే అంగడికి పోతూ
సంచిలో పదకొండు దారపు రీళ్ళు ఏసుకొని పోయినా.

"గుండు బల్బు అరవై వాట్లు తాగేది,
ఇది తొమ్మిదితో సంసారం చేస్తాది,"
అన్నాడు అంగడాయన,
తాగుడు మానిన అల్లుణ్ణి పొగిడినట్టు.
"ముందు ఎలిగించు సామీ," అని
రీళ్ళు బల్ల మీద పరిచినా.

మొదటిది ఆసుపత్రి తెలుపు.
మెరూను రక్తం లేనిదై పడుకుంది.
రెండోది పసుపు, చూడ్డానికి ముద్దుగానే ఉంది,
తెల్లదారమూ మీగడదారమూ కవలలైపోయినాయి.
మూడోది, నాలుగోది, కండ్లు లాగినాయి.
ఐదోదాని కింద
పదకొండు రీళ్ళూ
ఎవరి పేరు వాళ్ళు చెప్పుకున్నాయి.
నలభై రూపాయలు ఎక్కువ.

వెనక నిలబడిన పెద్దాయన నవ్వినాడు:
"బల్బు కొనేదానికి వచ్చినావా, పెండ్లిచూపులకా?"
"పదేండ్లు ఇంట్లో ఉండేది కదప్పా."

పన్నెండు కాదు, నాలుగు చాలన్నా.
మిషను మీద ఒకటి, పొయ్యి మీద ఒకటి,
పాప చదువుకునే చోట, జాలాడి దగ్గర.
"నీలం పట్టీ?" అన్నాడు ఓబులేసు.
"రోజూ రాత్రి ఒక గంటే."
"ఆ గంటలో నువ్వు మిల్లులో ఉంటావు."

మాట అనేసినాక అనిపించింది.
చాలాసేపటికి, గోడతో చెప్పినట్టు చెప్పినాడు:
"రాత్రంతా దూది, తెల్ల లైట్లు.
పగలంతా నిద్ర.
సందెపొద్దు చూసి ఎన్నాళ్ళైందో.
గోడకి ఇంత నీలం ఉంటే
సందె అనుకుంటా."

ఒక మీటరు కొన్నా. గూటిలో పెట్టించినా.
దానికి ఎన్ని వాట్లో అడగలేదు.

మరుసటి రోజు బేల్దారి బజారి
గవాచి ఉన్న చోట కమ్ములు అడ్డం కడుతున్నాడు.
"మూసేస్తున్నానక్కా, వానకి కురుస్తాది."
"ఆడ కట్టొద్దు."
"ఇంత కరెంటు పెట్టుకొని బొక్క ఎందుకు?"

ఏం చెప్పాల.
పదకొండింటికి రోటి మీద,
కొళాయి వచ్చే ముందు గడప దగ్గర,
మూడింటికి మిషను పెడలు మీద
ఆ వెలుతురు బిళ్ళ నడిచేది.
దాన్ని చూసే పొయ్యి ముట్టించేదాన్ని.
మీటరు రీడింగుకి వచ్చే పిల్లోడు
దాని లెక్క ఎన్నడూ రాసుకోలేదు.

"పైన మందపు అద్దం పెట్టు," అన్నా.
"పన్నెండు వందలైతాది."
ఆరు లైనింగు జాకెట్లు.
"పెట్టు."

సెంట్రింగు విప్పినాక, ఒక మిట్టమధ్యాన్నం,
దస్తగిరి స్విచ్చి ఏసినాడు.
నేను పైకి చూసినా.
"ఎలగలేదే?"
"ఎలిగిందక్కా."
"యాడ?"
నిచ్చెన ఎక్కి ముట్టుకొని చూపించినాడు.
నాకు నమ్మకం కలగలేదు.
చివరికి మిద్దె మీది బజారికి కేకేసి
అద్దం మీద గోనెసంచి పరిపించినాడు.

అప్పుడు కనపడింది:
తొమ్మిది వాట్లు, బుద్ధిగా,
మిషను మీద, నా చేతుల మీద,
పక్కపక్కనే మెరూనూ వక్కపొడీ.
మంచిదే. నేను ఎంచుకున్నదే.

"ఇంక తీసెయ్," అన్నా.
"స్విచ్చా, గోనెసంచా?"
"రెండూ."