ఐదో చుక్క

ట్రోమ్సోలో సూర్యుడు నాగా పెట్టిన రెండు నెలల్లో
తుపాకీ తయారైంది.
పాడైన హెయిర్ డ్రయ్యర్ పిడి, లోపల గోరంత కెమెరా,
అగ్గిపెట్టెలో పట్టే మైక్రోకంట్రోలర్.
టీవీ నాలుగు మూలలా నాలుగు ఎల్ఈడీలు:
కంటికి ఆనవు.
ఫోన్ కెమెరాలోంచి చూస్తే వంగపండు రంగు చుక్కలు.

మొదట్లో కుడికి తిప్పితే ఎడమకి పోయేది గురి.
ఒక్క మైనస్ గుర్తు,
ఒక రాత్రంతా తినేసింది.

ఇవాళ మధ్యాహ్నం మళ్లీ పిచ్చెక్కింది దానికి.
వణుకుతుంది, దూకుతుంది, తెర దాటి పారిపోతుంది.
టంకం కరిగించి మళ్లీ పెట్టాను. తీగ మార్చాను.
కెమెరా పంపే అంకెలు ఒక్కొక్కటీ ఏరాను:
నాలుగు చుక్కలుండాల్సిన చోట
ఐదు.

"అత్తా, కొవ్వొత్తి ఆర్పావా?"
ఐలిఫ్ నోటినిండా బళ్లో పంచిన జామ్ బన్ను.
ఆర్పాను.
ఐదే.

అప్పుడు కనబడింది
టీవీ పక్క కిటికీలో, నీళ్లకవతలి కొండ భుజమ్మీద
ఉల్లిపొరంత ఎండ.
మా ఇద్దరికంటే ముందు
హెయిర్ డ్రయ్యర్ చూసింది.

పరదా లాగితే సరిపోయేది.
వాడు తుపాకీ కిటికీకేసి ఎత్తి, ఒక కన్ను మూసి
ట్రిగ్గర్ నొక్కాడు.

కాసేపటికి సూర్యుడు కొండ వెనక్కి జారాడు.
"తగిలింది," అన్నాడు ఐలిఫ్,
జామ్ వేళ్లు చొక్కాకి తుడుచుకుంటూ.